పొత్తు బేరం తెగకపోతే చీటీ రాయండి
డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) రెండు పాత్రల మధ్య పొత్తు కుదరడానికి మాకు గంట పట్టేది. మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఇద్దరికీ చెరో చీటీ ఇస్తున్నాం. మూడే ముక్కలు: నేనేమిస్తాను, నాకేం కావాలి, ఎప్పటిదాకా. 2 నిమిషాల్లో రాసి, చీటీలు మార్చుకుని, 5 నిమిషాలు పాత్రల గొంతుతోనే బేరమాడాలి. మొన్న మా దొంగ "తాళాలు నేను తీస్తా, బంగారంలో మూడో వంతు నాది, గుహ దాటేదాకా" అని రాశాడు. పూజారి "గాయాలు మాన్పుతా, గుడి సొత్తు మాత్రం ముట్టుకోకు" అన్నాడు. బేరం కుదిరిపోయింది. గడువు తప్పకుండా రాయించండి, తర్వాతి గొడవలన్నీ అక్కడే పుడతాయి.

ఒకరు మనసులో వెన్నుపోటు పెట్టుకుంటే ఇది పనిచేయదు. ఆ సంగతి ఆట నడిపేవాళ్ల చెవిన ముందే వేయాలి. తోటి ఆటగాణ్ణి ఒప్పించడానికి పాచికలు మాత్రం దొర్లించొద్దు.