మన కోర్టులో ఇంటర్నేషనల్ క్రిమినల్ లా, 3వ పాఠం: ముందు సెక్షన్, తర్వాతే ట్రీటీ

పోయిన పాఠంలో రోమ్ స్టాట్యూట్, అంటే ఇంటర్నేషనల్ క్రిమినల్ కోర్టుని పెట్టిన ట్రీటీ (దేశాల మధ్య ఒప్పందం) చూసాం, ఇండియా అందులో చేరలేదనీ చెప్పుకున్నాం. మరి శ్రీకాకుళం సెషన్స్ కోర్టులో లేచి నిలబడి ఇవన్నీ ఎలా వాడతాం అన్నదే ఇవాళ్టి పని.

సోంపేట, కవిటి వైపు కుర్రోళ్ళు చాలామంది షిప్పుల్లో చేస్తారు కదా, అందుకే పైరసీ, అంటే సముద్రం మీద దోపిడీ, తీసుకుందాం. 1999లో అలోండ్రా రెయిన్‌బో అనే షిప్పుని దొంగలు ఎత్తుకుపోతే మన నేవీ, కోస్ట్ గార్డ్ వెంటపడి పట్టుకున్నాయి, 2003లో ముంబై కోర్టు శిక్ష వేసింది, 2005లో హైకోర్టు వాళ్ళని నిర్దోషులని వదిలేసింది. పైరేట్లని ఏ దేశమైనా పట్టుకోవచ్చు, అది పాత రూలే, కానీ అప్పటికి మన ఐపీసీలో పైరసీ అని సెక్షనే లేదు! 2022లో మారిటైమ్ యాంటీ పైరసీ యాక్ట్ వచ్చాక, 2024 మార్చిలో ఎంవీ రుయెన్ షిప్పు మీద దొరికిన 35 మంది సోమాలియా వాళ్ళ మీద ముంబైలో ఆ యాక్ట్ కిందే కేసు కట్టారు.

ఇంకోటి, నాకు చాలా ముఖ్యమనిపించేది. 1984 సిక్కుల ఊచకోత కేసులో కాంగ్రెస్ నాయకుడు సజ్జన్ కుమార్‌కి ఢిల్లీ హైకోర్టు 2018లో యావజ్జీవం వేసింది. మానవత్వం మీద నేరాలు, జెనోసైడ్ (జాతి నిర్మూలన) మన చట్టంలో నేరాలుగా లేవు, ఈ లోటు పూడ్చాలి అని జడ్జిమెంట్లోనే రాసారు, శిక్ష మాత్రం ఐపీసీ కుట్ర, హత్య సెక్షన్ల మీదే పడింది. జెనోసైడ్ కన్వెన్షన్ని మనం 1959లోనే రాటిఫై చేసాం (ఒప్పుకుని చేరాం) మరి, అయినా అంతే.

సెక్షన్ దొరికింది కదాని ఆగిపోకండి, కాగ్నిజెన్స్, అంటే ఆ నేరాన్ని కోర్టు ఎవరు చెప్తే విచారణకి తీసుకుంటుందో చూడండి. యుద్ధంలో గాయపడ్డవాళ్ళకీ, ఖైదీలకీ, మామూలు జనానికీ రక్షణ ఇచ్చే జెనీవా కన్వెన్షన్స్ యాక్ట్ 1960లో నేరమూ ఉంది, శిక్షా ఉంది, కానీ 17వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వమో, అది నోటిఫై చేసిన ఆఫీసరో కంప్లైంట్ ఇస్తేనే కోర్టు తీసుకుంటుంది, మీ క్లయింటు ప్రైవేటు కంప్లైంట్ పట్టుకెళ్తే అక్కడే ఆగిపోద్ది. జూనియర్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే.

ట్రీటీ ఎప్పుడు తీయాలంటే, సెక్షన్లో మాటకి రెండర్థాలు వస్తున్నపుడు. చార్జిలో మాత్రం పెట్టొద్దు, రాజ్యాంగం 20(1) ఆర్టికల్ ఒప్పుకోదు, నేరం జరిగినపుడు అమల్లో ఉన్న చట్టం మీదే శిక్ష వేయాలంటుంది.

అభ్యాసం: కవిటి సీమన్ ఒకాయన నడిసముద్రంలో పైరేట్ల దాడిలో చనిపోయాడు, దొంగలు నేవీకి దొరికారు అనుకోండి. ఏ సెక్షన్, ఏ కోర్టు, ఒక్క పేరాలో రాయండి. శ్రీకాకుళం సెషన్స్ అని గబుక్కున రాసేయకండి, యాంటీ పైరసీ యాక్ట్ కింద డెసిగ్నేటెడ్ కోర్టు (ఆ కేసులకని ప్రభుత్వం నిర్ణయించిన కోర్టు) ఏదో నోటిఫికేషన్ చూడాలి.