స్పేస్ బ్యాటిల్‌షిప్ యమాటో చూడాలంటే ముందు రోజే మొదలుపెట్టండి

మొదటిసారి నేను పప్పులో కాలేశాను. ముందూ వెనకా ఏమీ చెప్పకుండా మా చెల్లిని కూర్చోబెట్టి 2010 నాటి జపాన్ సినిమా ‘స్పేస్ బ్యాటిల్‌షిప్ యమాటో’ పెట్టేశాను. అరగంటయ్యాక, “అన్నయ్యా, ఆకాశంలోకి వెళ్లడానికి సముద్రపు ఓడెందుకు? రాకెట్లు లేవా?” అంది. దాని జవాబు నిజానికి 1974లో టీవీలో మొదలైన యానిమేలో, అంటే జపాన్ కార్టూన్ సీరియల్లో ఉంది. ఈ సినిమా దాన్నించే వచ్చింది.

అందుకని ముందు రోజు ఆ యానిమే మొదటి మూడు ఎపిసోడ్లు చూసేయండి. మొత్తం 26 ఉన్నాయి, ఇప్పటికి మూడు చాలు. వీటిల్లోనే కథ తెలిసిపోతుంది. 2199వ సంవత్సరం. గామిలస్ అనే వేరే గ్రహం వాళ్లు విసిరే రేడియేషన్ బాంబులకి సముద్రాలు ఎండిపోయి భూమి ఎర్రగా మాడిపోయింది. మనుషులు నేల కింద తలదాచుకున్నారు, ఇంకో ఏడాదే గడువు. రేడియేషన్‌ని పోగొట్టే యంత్రం 1,48,000 కాంతి సంవత్సరాల దూరంలో ఇస్కందార్ గ్రహం మీద ఉంది, వెళ్లి తెచ్చుకోవాలి. రెండో ఎపిసోడ్ మాత్రం ఫోన్ పక్కన పెట్టి చూడండి. 1945 ఏప్రిల్ 7న అమెరికా విమానాల దాడిలో అసలు యమాటో యుద్ధనౌక మునిగిపోవడం అందులో వస్తుంది. ఎండిన సముద్రంలో తుప్పు పట్టి పడున్నది ఆ ఓడే, దాన్నే అంతరిక్ష నౌకగా మార్చి ఇస్కందార్‌కి బయల్దేరతారు. జపాన్ ప్రేక్షకులకి ఆ పేరుతోనే గుండె బరువెక్కుతుంది. మనం కాస్త తెలుసుకుని వెళ్లాలి.

ఇక సినిమా. 138 నిమిషాలు, రాత్రి పదింటికి మొదలుపెట్టకండి. జపనీస్ ఆడియో, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, డబ్బింగ్ వద్దు. దానికి ఒక కారణం ఉంది. యానిమేలో శత్రునాయకుడు దెస్లర్‌కి గొంతిచ్చిన ఇబు మసాటో ఇక్కడా ఆ గొంతు ఇచ్చాడు. రోబో అనలైజర్‌కీ పాత గొంతే.

పాత్రలు మారాయని గొడవ పెట్టుకోకండి. కిమురా తకుయా చేసిన హీరో కొదాయ్ ఇందులో సైన్యం వదిలేసినవాడు, పైకొచ్చి లోహం ఏరుకుంటూ కనిపిస్తాడు. హీరోయిన్ యుకి యుద్ధవిమానం నడుపుతుంది. డాక్టర్ సాదో ఆడమనిషి అయింది, నాకైతే ఈ మార్పు భలే నచ్చింది. గామిలస్ వాళ్లు మాత్రం యానిమేలోలాగా నీలం రంగు మనుషుల్లా ఉండరు. అది నాకింకా మింగుడు పడలేదు.

రెండు చోట్ల సౌండ్ పెంచండి. ఒకటి, ఓడ లేచేటప్పుడు. మట్టి పగిలి, పెళ్లలు ఊడిపడుతుంటే లోపలినుంచి ఇనుప ముక్కు బయటికొస్తుంది. రెండోది వేవ్ మోషన్ గన్, ఓడ ముక్కులో ఉండే పెద్ద ఫిరంగి. అది తుపాకీ గురిపెట్టి కాల్చినంత తేలిక కాదు. శక్తి నిండేదాకా ఆగాలి, ఓడ మొత్తాన్నీ లక్ష్యం వైపు తిప్పాలి, వెలుగుకి కళ్లు పోకుండా నల్ల అద్దాలు పెట్టుకోవాలి. ఒక్కో అంకె పెరుగుతుంటే ఆ టెన్షన్ మనకీ పాకుతుంది. 120 శాతం అన్నాకే పేలుతుంది. మా చెల్లి రెండోసారి చూసినప్పుడు ఇక్కడే దిండు పట్టుకుంది.

సంగీతంలో మియాగావా హిరోషి పాత బాణీలు మళ్లీ వినిపిస్తాయి, మాటల్లేకుండా ఒక ఆడగొంతు తీసే రాగంతో సహా. మూడు ఎపిసోడ్లు చూసుంటే వెంటనే పట్టేస్తారు.

గ్రాఫిక్స్ కొన్నిచోట్ల తేలిపోతాయి, కాదనను. దర్శకుడు యమజాకి తకాషి 2023లో ‘గాడ్జిల్లా మైనస్ వన్’ తీసి విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ కొట్టాడని గుర్తుంచుకుని చూస్తే, ఆ చేయి ఇక్కడ ఎలా తిరుగుతోందో కనిపెట్టడం సరదాగా ఉంటుంది.

చివర్లో ఏడుపొస్తే ఆపుకోకండి. ఏమవుతుందో మాత్రం పక్కవాళ్లకి ముందే చెప్పేయకండి. ఆపైన మనసు ఊరుకోకపోతే 2012లో మొదలైన ‘యమాటో 2199’ ఉంది. అదీ 26 ఎపిసోడ్లు, ఆ రాత్రికి మాత్రం వద్దు.