కాలు విరిగి ఇంటికి వచ్చాక: కోలుకునేవారూ ఇంటివారూ చూసుకోవలసిన సంగతులు

కాలి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగినా, పిండికట్టు వేసి పంపినా, ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు వైద్యుణ్ని అడిగి కాగితం మీద రాయించుకోవలసిన మాట ఒకటుంది: ఈ కాలి మీద ఎంత బరువు మోపవచ్చు? పాదం నేలకు ఆనించనే కూడదా, వేళ్లు మాత్రం తాకించవచ్చా, సగం బరువు వేయవచ్చా, అది ఎన్నాళ్ల వరకు అన్నది గాయాన్ని బట్టి మారుతుంది. లోపల రాడ్డు వేశారు కాబట్టి నడిచేయవచ్చని ఇంట్లో ఎవరికి వారు నిర్ణయించుకోకూడదు. తొడ ఎముకగానీ మోకాలి కింది పెద్ద ఎముకగానీ గట్టిగా అతుక్కోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుందని మొదటే తెలిస్తే, నెల తిరగ్గానే ఇంకా నడవలేకపోతున్నామన్న బెంగ కొంత తగ్గుతుంది.

మనిషి ఇంటికి చేరకముందే మంచం నుంచి మరుగుదొడ్డి వరకు ఉన్న దారిని ఇంటివారు ఒకసారి నడిచి చూడాలి. కాలికి అడ్డుపడే పట్టాలు, తీగలు తీసేసి, నేల తడి లేకుండా చూసి, రాత్రంతా చిన్న దీపం వెలిగేలా ఏర్పాటు చేయాలి. మంచం మరీ పల్లంగా ఉంటే లేవడం కష్టం. కూర్చున్నప్పుడు మోకాళ్లకంటే తుంటి కాస్త ఎత్తులో ఉండే మంచం, ఎత్తైన కమోడ్, పక్కన గోడకు బిగించిన పట్టుకమ్మీ ఉంటే సగం ప్రమాదాలు తప్పుతాయి. స్నానం కుర్చీలో కూర్చునే చేయాలి, కట్టు తడవకుండా పైదాకా ప్లాస్టిక్ సంచి చుట్టి బిగించాలి.

వాపు తగ్గాలంటే మొదటి రెండు మూడు వారాలు పడుకున్నప్పుడు కాలు గుండెకంటే ఎత్తులో ఉండాలి. దిండ్లను పిక్క పొడవునా పేర్చి, మడమ దేనికీ ఆనకుండా గాలిలో ఉంచాలి, ఎందుకంటే కదలని మడమ మీద ఒత్తిడి పుండు త్వరగా పడుతుంది. మా అన్నయ్య కాలు విరిగినప్పుడు, హాయిగా ఉందన్నాడని మోకాలి కింద మాత్రమే దిండు పెట్టి రోజుల తరబడి అలాగే ఉంచాను. మోకాలు వంగినచోటే బిగుసుకుపోయి, దాన్ని తిరిగి చాపడానికి అతడు పడిన బాధ చూశాక ఆ పొరపాటు ఇంకెవరూ చేయకూడదని కోరుకుంటున్నాను. వైద్యుడు ప్రత్యేకంగా చెబితే తప్ప, మోకాలిని వంచి ఉంచే దిండు వద్దు.

రోజుకు రెండు మూడుసార్లు కాలివేళ్లను చూడటం ఇంటివారి పని. గోరు నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు కదలాలి, తాకితే తెలియాలి. మందు వేసినా ఆగకుండా పెరుగుతున్న నొప్పి, వేళ్లు కదిపితే ప్రాణం పోయేంత బాధ, తిమ్మిరి, వేళ్లు చల్లబడి పాలిపోవడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే కండరాల లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగిపోతే కొన్ని గంటల్లోనే కాలికి శాశ్వత నష్టం జరగవచ్చు. పిక్క కొత్తగా వాచి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించి ఆ రోజే చూపించాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు కాబట్టి ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. జ్వరం, కుట్ల దగ్గర చీము, కట్టు నుంచి దుర్వాసన కూడా చెప్పవలసినవే. కట్టు లోపల దురదపెడితే పుల్లలు, సూదులు దూర్చవద్దు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు నొప్పి తగ్గిందని మానేసేది కాదు. మందుల వేళలు ఒక్కరే చూసుకుని పుస్తకంలో రాసుకుంటే, ఇద్దరు వేర్వేరుగా ఒకే మాత్ర ఇచ్చే ప్రమాదం ఉండదు. కొన్ని నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి కాబట్టి నీళ్లు, పీచు ఉన్న ఆహారం ఎక్కువగా ఇవ్వాలి; ఎముకకు మాంసకృత్తులు, కాల్షియం కావాలి. పొగతాగే అలవాటుంటే ఎముక అతుక్కోవడం స్పష్టంగా ఆలస్యమవుతుంది.

ఇక సాయం సంగతి. ప్రేమతో అన్నీ చేతికందిస్తే కండ కరిగిపోతుంది, మనిషికి తన మీద తనకు నమ్మకమూ సడలుతుంది. మొదటి వారం పూర్తిగా చేయూతనిచ్చి, ఆపై ప్రతి వారం ఒక్కొక్క పని వారికి వదలడం మంచిదని నా అభిప్రాయం: ముందు దువ్వుకోవడం, బట్టలు వేసుకోవడం, తర్వాత మంచం మీద నుంచి కుర్చీలోకి సొంతంగా మారడం. లేపేటప్పుడు చంకల కింద పట్టి లాగకుండా, గాయం లేని కాలి మీద బరువు వేసి వారే లేస్తుంటే పక్కన నిలబడి నడుము దగ్గర ఆసరా ఇవ్వాలి. మలమూత్రాలకు ఎవరు తోడు రావాలో వారినే అడగాలి. ఆ విషయంలో సిగ్గుపడి నీళ్లు తాగడం మానేసేవారు నిజంగానే ఉంటారు. చూసుకునేవారికి కూడా వంతులు వేసుకోవాలి, రాత్రి నిద్ర లేనివారు పగలు ఓర్పుగా ఉండలేరు. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్రా ఆకలీ పోతే, అది కూడా వైద్యుడికి చెప్పాలి.

వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు చూపినట్లే చేయాలి. అభ్యంతరం లేదన్నప్పుడు, మెలకువగా ఉన్న ప్రతి గంటకూ పాదాన్ని పైకీ కిందికీ పదిసార్లు ఆడించడం, మోకాలు చాపి తొడ కండరాన్ని బిగించి ఐదు సెకన్లు పట్టి ఉంచడం మంచం మీదే చేయవచ్చు. నొప్పి మాత్ర వేసుకున్న అరగంట తర్వాత చేస్తే తేలికగా ఉంటుంది.

చంకకర్రల పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, బరువంతా అరచేతుల మీద పడాలి. చంక మీద వాలితే నరం నొక్కుకుని చెయ్యి మొద్దుబారుతుంది. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు కర్రలూ గాయమైన కాలూ. ఎక్కేటప్పుడు తోడున్నవారు వెనుక, దిగేటప్పుడు ఒక మెట్టు కింద ముందు నిలబడాలి. ఎక్స్‌రే చూసి వైద్యుడు పూర్తి బరువు వేయమన్నాక ఒక్క కర్రకు మారేటప్పుడు, దాన్ని గాయమైన కాలి వైపు కాకుండా మంచి కాలి వైపు చేత్తో పట్టుకోవాలి.