కోవెంట్రీ కేథడ్రల్ వెలుగును విశాఖ డాబా మీద చూడాలంటే

1940 నవంబరు 14 రాత్రి బాంబు దాడిలో కాలిపోయిన, ఇంగ్లండులోని కోవెంట్రీ కేథడ్రల్ (పెద్ద చర్చి) శిథిలాలను అలాగే ఉంచి, వాటి పక్కనే బాసిల్ స్పెన్స్ రూపకల్పన చేసిన కొత్త కేథడ్రల్‌ను 1962 మే 25న ప్రతిష్ఠించారు. దాని అసలు సొగసు వెలుగులో ఉంది. ఎంత అందంగా అతికించినా, ఎండలో పెట్టి చూడని నమూనా నా దృష్టిలో బొమ్మే.

ఈ కేథడ్రల్ నమూనా చేయడానికి 1:200 కొలత, అంటే అసలులో రెండు వందలో వంతు, చాలు. విశాఖ గాలి తేమకు మామూలు అట్ట వంగిపోతుంది కాబట్టి సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురుగు పలక) వాడండి. పక్క గోడలను తిన్నగా కాక రంపపు పళ్లలా మడతలుగా నిలపాలి. ప్రతి మడతలో బలిపీఠం వైపు తిరిగిన ముఖానికే 10.5 సెం.మీ. ఎత్తున కిటికీ కోయాలి. ఒక్కో వైపు అయిదు కిటికీలు వస్తాయి. వాటికి లోపలి నుంచి రంగు జెలటిన్ కాగితం అంటించండి: గుమ్మం దగ్గర ఆకుపచ్చ, బలిపీఠం దగ్గర బంగారు వన్నె. బలిపీఠం వెనుక గోడకు చిత్రకారుడు గ్రాహం సదర్లాండ్ రూపొందించిన నేత చిత్రం ముద్రణ 11.5 సెం.మీ. ఎత్తు, 6 సెం.మీ. వెడల్పున సరిపోతుంది. జ్ఞానస్నాన మందిరపు 195 పలకల కిటికీ జోలికి ఈ కొలతలో పోకపోవడమే మేలు.

గుమ్మం ఉన్న గాజు గోడను ఈ ప్రయోగానికి మందపాటి కాగితంతో మూసి, దానిలో ఒకటి, నేత చిత్రం అడుగున ఒకటి, రూపాయి బిళ్లంత రంధ్రాలు చేయండి.

ఇక ఎండ సంగతి. నేను మొదట నమూనాను డాబా మీద చదునుగా పెట్టి, వెలుగంతా కిటికీ కిందనే నేల మీద పడిపోతుంటే కోతలో తప్పు వెతుకుతూ ఒక పూట పోగొట్టుకున్నాను. తప్పు అక్షాంశానిది. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు నాటి మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు సుమారు 72 డిగ్రీల ఎత్తున ఉంటే కోవెంట్రీలో 38 డిగ్రీలే ఉంటాడు. అందుకని, అక్కడి బలిపీఠం ఆనవాయితీకి భిన్నంగా ఉత్తరాన ఉందని గుర్తుంచుకుని నమూనాను ఉత్తరదక్షిణాలుగా బల్లకు బిగించి, బల్ల దక్షిణపు అంచును సుమారు 35 డిగ్రీలు ఎత్తాలి, 60 సెం.మీ. బల్లకైతే 34 సెం.మీ. ఎత్తున ఇటుకలు పేర్చాలి. సముద్రపు గాలికి ఎగరకుండా తాడుతో కట్టండి.

గుమ్మపు రంధ్రంలోంచి చూస్తే గోడలు, నేత చిత్రం తప్ప ఒక్క కిటికీ అద్దమూ కనిపించదు. వెనక్కి వెళ్లి బలిపీఠం వైపు రంధ్రానికి కన్ను ఆనిస్తే పది కిటికీలూ ఒక్కసారిగా రంగులతో నిలబడతాయి.