“ఐ డౌట్” అంటే అనుమానిస్తున్నట్టు కాదు

తెలుగులో “నాకో డౌటు” అంటే అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉందని అర్థం. కోచింగ్ క్లాసులో దానికి ఎవరూ నొచ్చుకోరు. కానీ లండన్‌లోనో డల్లాస్‌లోనో మీటింగ్‌లో “ఐ హావ్ ఎ డౌట్” అంటే, “మీరు చెప్పింది నాకు నమ్మకంగా లేదు” అన్నట్టు వినిపించవచ్చు. అక్కడ “ఐ హావ్ ఎ క్వశ్చన్” అనండి. “డౌట్ క్లియర్ చేయండి”కి బదులు “కుడ్ యు ఎక్స్‌ప్లెయిన్ దట్ అగైన్?” సరిపోతుంది.

ఇది చిన్న చిక్కే. అసలు తంటా డౌట్‌ని క్రియగా వాడినప్పుడు వస్తుంది, ఎందుకంటే అక్కడ అర్థం తలకిందులవుతుంది. “డబ్బు వాడే తీశాడని నా డౌటు” అన్నామంటే వేలు వాడివైపే చూపిస్తున్నాం. దాన్నే “ఐ డౌట్ హీ టుక్ ద మనీ” అని ఇంగ్లిష్‌లో పెడితే “వాడు తీసి ఉండడులే” అని అర్థం. దొంగ అనబోయి మంచివాడని సర్టిఫికెట్ ఇచ్చినట్టు! మనం అనాల్సింది “ఐ సస్పెక్ట్ హీ టుక్ ద మనీ”. ఆఫీసు మెయిల్లో “ఐ డౌట్ ద సర్వర్ ఈజ్ డౌన్” అని రాస్తే, చదివినవాళ్లు సర్వర్ బాగానే ఉందనుకుని లోపం కోసం ఇంకెక్కడో వెతుకుతారు.

గుర్తు సులువు. మీ మనసులో ఉన్నది “కాకపోవచ్చు” అయితే డౌట్, “అయ్యుంటుంది” అయితే సస్పెక్ట్. రాసే ముందు వాక్యం చివర ఈ రెండు మాటల్లో ఏది అతుకుతుందో చూసుకోండి.

ఇంత గందరగోళానికి మూలం ఆ మాట పుట్టుకలోనే ఉంది. లాటిన్‌లో ‘డుబిటారే’ అంటే తటపటాయించడం. అందులో దాగున్నది ‘రెండు’ అనే అంకె, మన ‘ద్వి’కి చుట్టమే. అటా ఇటా తేలకపోవడం అన్నమాట. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చేటప్పుడు భయం అనే అర్థాన్ని కూడా వెంట తెచ్చుకుంది. ‘రిడౌటబుల్’ (జంకు పుట్టించేంత గట్టివాడు) అనే మాటలో ఆ జంకు ఇప్పటికీ ఉంది. స్కాట్లండ్‌లో “ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్” అంటే వాన పడదని కాదు, “వాన పడుతుందేమో” అని. అచ్చంగా మన ‘ఏమో’! అంటే మన వాడుక మరీ వింతేమీ కాదు, కాకపోతే మామూలు ఇంగ్లిష్‌లో చెల్లదు.

స్పెల్లింగ్‌లోని ‘బి’ సంగతి వేరు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ అక్షరమే లేదు. తర్వాత పండితులు లాటిన్ మూలాన్ని చూపించాలని దాన్ని ఇరికించారు, ఉచ్చారణ మాత్రం మారలేదు. అప్పు అనే అర్థమున్న ‘డెట్’లోనూ జరిగింది ఇదే. షేక్స్‌పియర్ ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ నాటకంలో హోలోఫెర్నీస్ అనే పంతులు ఈ రెండు మాటల్లో ‘బి’ని పలకనివాళ్ల మీద చిరాకుపడతాడు. ఆయన్ని నవ్వులపాలు చేయడానికే ఆ మాటలు. కాబట్టి ‘డౌట్’ అనే పలకండి.

వ్యాకరణంలో ఒక్కటి చూసుకుంటే చాలు. డౌట్ తర్వాత ‘ఇఫ్’, ‘వెదర్’, ‘దట్’ మూడూ వస్తాయి. ‘డోంట్ డౌట్’ అన్నప్పుడు మాత్రం ‘దట్’ వాడండి: “ఐ డోంట్ డౌట్ దట్ హీ ఈజ్ ఆనెస్ట్”.

ఇక “నో డౌట్”. పేరుకు ‘సందేహం లేదు’ అనే గానీ, వాడుకలో బలం తక్కువ. “నో డౌట్ హీ ఈజ్ బిజీ” అంటే “బిజీగా ఉండుంటాడులే” అన్నంత మాటే, ఒక్కోసారి కాస్త వెటకారం కూడా. గట్టిగా చెప్పాలంటే “వితౌట్ ఎ డౌట్” అనండి.