బిడ్డను గమనించడం, ఆరవ పాఠం: పేరు పెట్టడానికి ముందు

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం చిన్నదే. ఏడాదికి, రెండేళ్లకు మధ్య వయసున్న ఒక బిడ్డను, ఆ బిడ్డను చూసుకుంటున్న పెద్దవారిని పది నిమిషాలు గమనించి, కనిపించినది కనిపించినట్టు రాయమన్నాను. మీ రాతలు చదివాక, ఈసారి మొదలుపెట్టవలసిన ‘తండ్రి పాత్ర’ భాగాన్ని పక్కన పెట్టక తప్పలేదు. తప్పంతా మీదే అనను. ‘కనిపించినట్టు’ అంటే ఏమిటో అందరికీ తెలిసే ఉంటుందని నేను దాటవేశాను.

రాతల్లో ఎక్కువ భాగం ఈ తరహాలో ఉన్నాయి: ‘బాబు పౌరుషంగా బొమ్మను విసిరేశాడు’, ‘పాప అలిగి మూలకు వెళ్లింది’, ‘తల్లి గారాబం చేయడంతో మొండికేశాడు’. మొదటి వాక్యంలో బొమ్మ విసరడాన్ని మీ కన్ను చూసింది, పౌరుషాన్ని మీరు చేర్చారు. రెండవ దానిలో మూలకు వెళ్లడం జరిగింది, అలక జరిగిందో లేదో ఆ మూలలో ఉన్న బంతికి తెలియాలి. మూడవ దానిలోనైతే జరిగిన పని ఒక్కటీ లేదు. రెండు తీర్పులు, వాటిని కలుపుతూ ‘చేయడంతో’ అనే ఒక కారణం మాత్రమే ఉన్నాయి.

ఇది మాటల పట్టింపు కాదు. 1976లో జాన్ కాండ్రీ, శాండ్రా కాండ్రీ ప్రచురించిన అధ్యయనంలో 204 మంది ఒకే శిశువు ఉన్న ఒకే వీడియోను చూశారు. కొందరికి ఆ శిశువు మగబిడ్డ అనీ, మరికొందరికి ఆడబిడ్డ అనీ చెప్పారు. మూత తెరుచుకుని బొమ్మ ఎగిరి బయటికి వచ్చే పెట్టెను చూసి ఆ శిశువు కలతపడినప్పుడు, మగబిడ్డ అనుకున్నవారు దానిని ఎక్కువగా కోపం అన్నారు, ఆడబిడ్డ అనుకున్నవారు భయం అన్నారు. బిడ్డ ఒకటే, ముఖం ఒకటే, పెట్టె ఒకటే. కోపం అనుకున్న పెద్దవారు ఆ పెట్టెను మళ్లీ తెరిచి చూపవచ్చు, భయం అనుకున్నవారు బిడ్డను ఎత్తుకుని పెట్టెను దూరంగా జరపవచ్చు. అలాంటి చిన్న నిర్ణయాలు రోజుకు ఎన్ని సార్లు, ఎన్ని నెలల పాటు జరుగుతాయో లెక్కవేసుకుంటే పెంపకం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది: బిడ్డ చేసిన పనికి పెద్దవారు ఏ పేరు పెట్టారు అన్న దగ్గర.

ఇదే కోవలో నాకు బాగా నచ్చిన పరిశోధన ఇంకొకటి ఉంది. అందులో ఊహించుకోవలసినది ఏమీ లేదు, వాలుబల్లను కొలిస్తే సరిపోతుంది. 2000లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో, పదకొండు నెలల బిడ్డలు ఎంత ఏటవాలు బల్లమీద పాకి దిగగలరో ముందుగా తల్లులను అంచనా వేయమని అడిగి, తర్వాత బిడ్డలను పాకనిచ్చారు. మగబిడ్డల తల్లులు ఉన్నదానికంటే ఎక్కువగా, ఆడబిడ్డల తల్లులు తక్కువగా అంచనా వేశారు. పాకడంలో మాత్రం ఆడ, మగ తేడా కనిపించలేదు.

ఇక మన భాష పెట్టే చిక్కు గురించి కాస్త విసుగుతోనే చెబుతున్నాను, ఎందుకంటే మూడవ పాఠంలో ఒకసారి చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. తెలుగులో క్రియే లింగాన్ని బయటపెడుతుంది. ‘ఏడ్చాడు’ అని రాసిన క్షణంలోనే మీ చేతిరాతను చదివేవారికి, అంతకుముందే మీకు, ఆ ఏడుపు మగపిల్లవాడిదిగా స్థిరపడుతుంది; తర్వాతి మాట ‘పేచీ’ వైపు నడుస్తుందే తప్ప ‘బెంగ’ వైపు నడవదు. ‘ఏడ్చింది’ అని రాస్తే దారి మరోవైపు తిరుగుతుంది. చురుకు, దూకుడు, గడుసుతనం, బిడియం, అణకువ, మారాం, పెంకితనం అనే మాటలను వరసగా రాసి, ఒక్కొక్కదాని పక్కన మీ మనసులో మొదట మెదిలిన బిడ్డ ఆడో మగో గుర్తుపెట్టి చూడండి. చాలా మాటలు తటస్థంగా లేవని మీకే తెలుస్తుంది. ‘బిడ్డ’ అని కర్తగా పెట్టి ‘పాకింది, నవ్వింది’ అని రాయడం ఒక మార్గం. అది వ్యాకరణానికి సరిపోతుంది కానీ, ‘ది’ అన్న ముగింపు స్త్రీలింగానికీ అదే కావడం వల్ల చదివేవారి మనసులో ఆడపిల్ల మెదిలే అవకాశం మిగిలిపోతుంది. అందుకే నేను సొంత నోటుపుస్తకంలో క్రియను ముగించను: ‘10:04 – బొమ్మ విసరడం. తలుపు వైపు చూపు. ఏడుపు, ఆరు సెకన్లు.’ శైలి అందంగా ఉండదు, వాక్యం పూర్తికాదు. అయినా ఈ రాతను ఏమీ తెలియని మరొకరికి ఇచ్చి ‘బిడ్డకు ఏమైంది’ అని అడగవచ్చు. ఎడమ పేజీలో ఇలాంటి పనులు మాత్రమే రాసి, కుడి పేజీని మరుసటి రోజు వరకు ఖాళీగా ఉంచుతాను. పేర్లు, కారణాలు, అనుమానాలు అక్కడికే వెళ్లాలి.

సంస్కృతుల విషయంలోనూ పొరపాటు ఇదే, వేషం మాత్రమే వేరు. మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ రూపొందించిన ‘అపరిచిత సన్నివేశం’ పరీక్షను నాలుగవ పాఠంలో చూశాం కనుక మళ్లీ వివరించను. తల్లి గదిలోంచి వెళ్లి తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏంచేస్తుందో అందులో చూస్తారన్నది గుర్తుంటే చాలు. ఉత్తర జర్మనీలోని బీలెఫెల్డ్‌లో పరీక్షించిన 49 మంది శిశువుల్లో దాదాపు సగం మంది తిరిగివచ్చిన తల్లిని తప్పించుకున్నారు. జపాన్‌లోని సప్పోరోలో పరీక్షించిన 60 మందిలో ఆ వర్గానికి చెందినవారు ఒక్కరూ లేరు, దాదాపు మూడోవంతు మంది మాత్రం ఊరడించినా ఊరుకోలేదు. ‘జర్మన్ తల్లులకు ఆప్యాయత తక్కువ, జపాన్ తల్లులు గారాబం చేస్తారు’ అని రాసేయడం సులువే. అయితే ఆ జపాన్ శిశువులు తల్లిని విడిచి ఉండడం అరుదు, కాబట్టి అదే మూడు నిమిషాల ఎడబాటు వారికి చాలా పెద్ద పరీక్ష. బీలెఫెల్డ్ తల్లులేమో బిడ్డ తొందరగా తన కాళ్లమీద నిలబడాలని ఆశించేవారు. 1988లో ఇదే పరీక్ష జరిపిన ఎనిమిది దేశాలకు చెందిన 32 శిశు బృందాల ఫలితాలను కలిపి విశ్లేషించినప్పుడు, దేశాల మధ్య తేడా కంటే ఒకే దేశంలోపలి తేడా సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా తేలింది. ‘ఆ దేశంవాళ్లు అంతే’ అని మొదలయ్యే వాక్యాన్ని ఈ ఒక్క లెక్కతో కొట్టివేయవచ్చు.

‘పెంపకం బిడ్డను మలుస్తుందా, బిడ్డ స్వభావమే పెంపకాన్ని మలుస్తుందా’ అని చాలామంది అడిగారు. రెండూ జరుగుతాయి; బిడ్డ కూడా పెద్దల ప్రవర్తనను మలుస్తుందని మరవవద్దని మనస్తత్వవేత్త రిచర్డ్ బెల్ 1968లోనే హెచ్చరించారు. రెండింటినీ విడదీయాలంటే బిడ్డ స్వభావంతో సంబంధం లేకుండా పెద్దల ప్రవర్తన మారిన సందర్భాన్ని వెతకాలి. కెన్యాలోని లువో సమాజంలో మానవశాస్త్రవేత్త కరోల్ ఎంబర్ అలాంటిదే చూశారు. పనికి తగిన వయసున్న అక్కచెల్లెళ్లు ఇంట్లో లేనప్పుడు మగపిల్లలకే ఆడపిల్లల పనులుగా భావించే ఇంటి పనులు అప్పగించేవారు. 1973లో ఆమె ప్రచురించిన ఫలితాల ప్రకారం, అలాంటి పనులు ఎక్కువగా చేసిన మగపిల్లల ప్రవర్తన, చేయని మగపిల్లలతో పోలిస్తే ఆడపిల్లల ప్రవర్తనకు దగ్గరగా ఉంది. ఆ పిల్లలు మన పాఠంలోని వయసు దాటినవారే అయినా, పని అప్పగించడానికి కారణం పిల్లవాడి నెమ్మదితనం కాక ఇంట్లో ఎవరున్నారన్నది కావడం వల్ల ఈ ఉదాహరణను వదలలేకపోయాను. 1991లో లిట్టన్, రామ్నీ 172 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా, ఆప్యాయతలోనో క్రమశిక్షణలోనో తల్లిదండ్రులు ఆడ, మగ పిల్లల మధ్య చూపే తేడా చాలావరకు స్వల్పమేనని తేలింది. స్పష్టంగా కనిపించినది ఏ ఆటలను, ఏ పనులను ప్రోత్సహిస్తారన్న దగ్గర. కనుక ముద్దులను లెక్కపెట్టడానికి ముందు, బిడ్డ చేతికి ఏ వస్తువు అందించారో రాసుకోండి.

ఈసారి అభ్యాసం సులువు కాదు. ఒకే బిడ్డను ఐదు రోజులు, రోజూ అదే వేళకు పది నిమిషాలు, ఆ ఇంటివారి అనుమతితో గమనించండి. బిడ్డ ఏడుపో చూపో చేతి సైగో మొదలైన క్షణానికి, పెద్దవారు స్పందించిన క్షణానికి మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో ప్రతిసారీ రాయండి; స్పందన లేకపోతే గీత పెట్టండి. ఎడమ పేజీలో ఒక్క విశేషణం కూడా ఉండకూడదు. కనీసం రెండు రోజులు మరొకరు మీ పక్కనే కూర్చుని, మీ పుస్తకం చూడకుండా విడిగా రాయాలి. తర్వాత రెండు రాతలనూ పక్కపక్కన పెట్టి, ఇద్దరూ నమోదు చేసిన పనులను మొత్తం పనులతో భాగించండి. నూటికి 80 రాకపోతే ఆ రోజు రాతను కొట్టివేసి మళ్లీ మొదలుపెట్టండి. నాకు తొలి ప్రయత్నంలో అందులో సగం కూడా రాలేదు. ఐదో రోజు ముగిశాక ఎడమ పేజీలను మాత్రమే నకలు తీసి, బిడ్డ ఆడో మగో తెలియని ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, వారు పెట్టిన పేర్లను మీ కుడి పేజీతో పోల్చండి. నాకు పంపేటప్పుడు బిడ్డ పేరు, ఇంటి గుర్తులు తీసివేసి, సెకన్ల పట్టికను, మీరూ ఆ ఇద్దరూ పెట్టిన పేర్ల వరసలు మూడింటినీ మాత్రమే పంపండి.