పర్మిట్ల జాబితాతో పని పట్టడం – నాలుగో పాఠం: తేదీల తికమక, స్లాబుల లెక్క

మూడో పాఠంలో చేసిన ఇళ్ల నిర్మాణ అనుమతుల (పర్మిట్ల) జాబితా పట్టుకుని, పని వెతుక్కుంటూ విజయనగరంలో గాజులరేగ, ధర్మపురి, దాసన్నపేట వైపు తిరిగినవాళ్లకు రెండు రకాల అనుభవాలు ఎదురయ్యాయి. కొన్ని చోట్ల తుప్పలు పెరిగిన ఖాళీ స్థలం. ఇంకొన్ని చోట్ల రెండో స్లాబు కూడా పోసేసి లోపల ప్లాస్టరింగ్ నడుస్తోంది. ఈ పాఠంలో రేట్లు కోట్ చేయడం చెప్పాలనుకున్నాం గానీ, ముందు ఈ చిక్కు విప్పాలి.

జాబితాలో తప్పేం లేదు. దాన్ని అనుమతి తేదీ వరసలో పేర్చి, ఆ తేదీకే పని మొదలైందని అనుకోవడంలోనే ఉంది గొడవ. అనుమతి వచ్చాక ముహూర్తం చూడాలి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం అడ్డొస్తే శంకుస్థాపన నెల రోజులు వెనక్కి పోతుంది. చాలామంది ప్లాను తీసుకునేదే బ్యాంకు లోను కోసం. లోను మంజూరై మొదటి విడత చేతికొచ్చేదాకా పలుగు దిగదు. పాత ఇల్లు పడగొట్టాల్సిన చోట ఇంకా ఆలస్యం. ఇక కాగితం రాకముందే పునాది తవ్వేసేవాళ్లు ఎటూ ఉన్నారు.

పైగా జాబితాలో పాత వరసలూ కొత్త వరసలూ ఒకేలా నడవవు. 2025లో స్వీయ ధ్రువీకరణ పద్ధతి వచ్చాక 18 మీటర్ల లోపు ఎత్తు భవనాలకు ఎల్‌టీపీ (ప్లాను గీసే లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు) ధ్రువీకరణ మీదే అనుమతి వస్తోంది. అందుకే కొత్త వరసల్లో తేదీ యజమాని దరఖాస్తు పెట్టిన రోజుకు దగ్గరగా ఉంటుంది. పాతవాటిలో ఫైలు ఆఫీసులో కూర్చున్న కాలం కూడా కలిసి ఉంటుంది.

కాబట్టి షీటులో 'దశ' అని ఒక గడి చేర్చండి. సైటు ముందు నుంచి బండి మీద పోతూ చూసినా నింపొచ్చు: ఖాళీ, పునాది, ప్లింత్ (నేలకు పైన లేపే పీఠం), మొదటి స్లాబు, గోడలు, ప్లాస్టరింగ్. ఆ గడిని బట్టి మీ పనికి ఇంకా టైముందో, దాటిపోయిందో చూసుకోండి.

ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. స్లాబులో పైపులు, ఫ్యాన్ బాక్సులు ఇనుము కట్టాక, కాంక్రీటు పోయకముందు పడాలి. అంటే యజమాని మిమ్మల్ని ఖాయం చేసుకోవాల్సింది ప్లింత్ దశలో. గోడలు లేచాక వెళ్తే అక్కడ వేరే మనిషి ఉంటాడు. వడ్రంగి కూడా ప్లింత్ దగ్గరే వెళ్లాలి. ద్వారబంధం నిలబెట్టడానికి ముహూర్తం పెట్టుకుంటారు, ఆ రోజుకి గుమ్మం సైటులో సిద్ధంగా ఉండాలి. ప్లంబరుకు బాత్రూమ్ స్లాబు కిందికి దించాలా వద్దా అన్న మాట స్లాబుకు ముందే రావాలి, గోడల్లో పైపులు మాత్రం ప్లాస్టరింగ్ ముందు వేస్తారు. యూపీవీసీ కిటికీలవాళ్లకు తొందర లేదు, కొలతలు ప్లాస్టరింగ్ అయ్యాకే. పెయింటర్లు పాత వరసలే చూడాలి, కిందటి నెల అనుమతులతో వాళ్లకు పనిలేదు.

సమాచార హక్కు కింద తెచ్చుకున్న జాబితాలో ఫోన్ నంబర్లు లేవని కొందరు అప్పీలు వేస్తామంటున్నారు. వద్దు. ఇచ్చిన అనుమతుల వివరాలు బయటపెట్టాలని సెక్షన్ 4(1)(బి) చెబుతుంది, కానీ వ్యక్తిగత సమాచారానికి 8(1)(జె) అడ్డుంది. నంబరు దొరికినా లాభం తక్కువే. తెలియని నంబరు నుంచి 'మీ ఇంటి పని మాకివ్వండి' అని ఫోన్ వస్తే ఎవరైనా చిరాకు పడతారు. ఎల్‌టీపీ పేరున్న గడి చూడండి. షీటుని ఆ గడి ప్రకారం పేర్చితే అవే పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. యజమానులందరి చుట్టూ తిరిగేకన్నా తరచూ కనిపించే ముగ్గురు ఎల్‌టీపీలను కలవడం మేలు. చేసిన పనుల ఫొటోలు, రెండు అడ్రసులు ఉంటే చాలు.

ఇంకో దగ్గరి దారి: పని రకం గడిలో 'అదనపు అంతస్తు' అని ఉన్నవాటిని ముందు పట్టుకోండి. పునాది ఉండదు, బోరు ఉండదు, యజమాని చాలాసార్లు కింది అంతస్తులోనే ఉంటాడు కాబట్టి మాట్లాడటం తేలిక. ఇలాంటి పనులు త్వరగా మొదలవుతాయి. రివైజ్డ్ ప్లానులు మాత్రం చూసి తీయండి, ఒకే ఇల్లు రెండు ఫైలు నంబర్లతో రెండుసార్లు వస్తుంది. బీపీఎస్ వరసలు పూర్తిగా తీసేయండి, అవి కట్టేసిన ఇళ్ల క్రమబద్ధీకరణలు.

అపార్ట్‌మెంట్ల సంగతి ఒక ముక్కలో: స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా అమ్మకానికి కట్టేవి రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు కావాలి. మూడు నెలలకోసారి పని ఎంతవరకు వచ్చిందో అక్కడ పెట్టాలి కాబట్టి దశ గడి ఇంటి నుంచే నింపుకోవచ్చు. బిల్లు ఆలస్యమైనా తట్టుకోగలిగితేనే అటు వెళ్లండి.

ఇప్పుడు విస్తీర్ణం. మీరు పంపిన లెక్కల్లో ఎక్కువ భాగం తప్పింది ఇక్కడే, పోయిన పాఠంలో రెండుసార్లు చెప్పినా.

అనుమతి కాగితంలో అంకెలు చదరపు మీటర్లలో ఉంటాయి. మన నోట్లో గజాలు, సెంట్లు. లేబరు రేటేమో చదరపు అడుగుకి. గుర్తుపెట్టుకోవాల్సినవి మూడే: ఒక చదరపు మీటరు 10.764 చదరపు అడుగులు, ఒక గజం 9 చదరపు అడుగులు, ఒక సెంటు 48.4 గజాలు. 200 గజాల స్థలం కాగితంలో 167.22 అని కనిపిస్తుంది. రోడ్డు వెడల్పుకి కొంత వదిలితే నికర స్థలం ఇంకా తగ్గుతుంది. ఏదైనా సరే, స్థలం అంకెతో మీకు పనిలేదు. మీరు కట్టేది స్థలాన్ని కాదు.

గాజులరేగలో ఇదే 200 గజాల్లో స్టిల్ట్ (పార్కింగ్ కోసం స్తంభాల మీద ఖాళీగా వదిలే కింది అంతస్తు), పైన రెండంతస్తులు అనుకుందాం. అంతస్తుకి 100 చదరపు మీటర్లు. కాగితంలో నిర్మాణ విస్తీర్ణం 200, పార్కింగ్ 100 అని వేరువేరుగా ఉంటుంది. ఒక సెంట్రింగ్ మేస్త్రీ (స్లాబు కింద ప్లేట్లు, ఆసరాలు బిగించేవాడు) 200 చూసి, గజాలనుకుని, 1,800 చదరపు అడుగులని రాశాడు. మీటర్లని గమనిస్తే అది 2,153. అదీ సరిపోదు. కప్పులు లెక్కపెట్టండి: స్టిల్ట్ పైకప్పు ఒకటి, మొదటి అంతస్తుది ఒకటి, రెండో అంతస్తుది ఒకటి. మూడు స్లాబులు, 300 చదరపు మీటర్లు, అంటే 3,229 చదరపు అడుగులు. మెట్లగది కప్పు, సన్‌షేడ్లు ఇంకా ఇందులో లేవు. 1,800కి కూలీలను, ప్లేట్లను మాట్లాడుకుని వెళ్తే ఒక స్లాబుకి పైగా పని లెక్కలోకే రాలేదు.

అదే 200 విస్తీర్ణం స్టిల్ట్ లేకుండా గ్రౌండ్, ఫస్ట్ అయితే రెండే స్లాబులు. విస్తీర్ణం గడిలో అంకె ఒక్కటే, పని మాత్రం ఒక స్లాబంత తేడా. అందుకే పార్కింగ్ గడి చూడకుండా ఎవరూ నోరు విప్పొద్దు.

అలాగని అందరూ మూడో స్లాబు కలపకూడదు. తాపీ మేస్త్రీకి స్టిల్ట్‌లో గోడలు నామమాత్రం. అక్కడ 100 మీటర్లు కలిపి ఇటుక లెక్కేస్తే రేటు పేలిపోయి పని పోతుంది. టైల్స్‌వాళ్లకు అక్కడ పార్కింగ్ టైల్స్, రేటు వేరు, కాబట్టి విడిగా రాయాలి. ప్లంబరుకు డ్రైనేజీ పైపులు ఆ కప్పు కింద వేలాడతాయి, క్లాంపులు కలపాలి. ఎలక్ట్రీషియన్‌కు పాయింట్లు తక్కువే గానీ మీటర్ల బోర్డు, మోటారు లైను అక్కడే. పెయింటర్లు స్తంభాలు, పైకప్పు మరిచిపోతుంటారు. కాంక్రీటువాళ్లకు ఐదంగుళాల స్లాబంటే 100 మీటర్లకు సుమారు 12.5 ఘనమీటర్లు, ఎం20 రకం కాంక్రీటుకి ఘనమీటరుకి ఎనిమిది బస్తాల చొప్పున వంద బస్తాలు, బీములు కాకుండా.

సెంట్రింగ్‌వాళ్లకు మరో మాట. ఐఎస్ 456 (కాంక్రీటు పనుల భారత ప్రమాణం) ప్రకారం 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబుకి ఆసరాలు 7 రోజులుంచాలి, అది దాటితే 14. బీములకు 6 మీటర్ల దాకా 14 రోజులు, ఆపైన 21. ఒకే సెట్టు ప్లేట్లతో జాబితాలోంచి రెండు సైట్లు ఎంచుకునేటప్పుడు ఈ రోజులు చూసుకోకపోతే రెండో యజమాని ముహూర్తానికి ప్లేట్లు మొదటి సైటులోనే ఇరుక్కుంటాయి.

అభ్యాసం. మీ జాబితాలోంచి ఇరవై వరసలు తీయండి, కనీసం ఐదింట్లో స్టిల్ట్ ఉండాలి, మూడు అదనపు అంతస్తువి కావాలి. శ్రీకాకుళం, బొబ్బిలి, రాజాం వాళ్లు మీ ఊరి జాబితాతోనే చేయండి. ప్రతి వరసకీ స్లాబుల సంఖ్య, చదరపు అడుగులు, మీ పనికి వర్తించే విస్తీర్ణం కాగితం మీద చేత్తో కట్టండి, ఫోన్ యాప్ వద్దు. తర్వాత ఇరవై సైట్లూ చూసి దశ గడి నింపండి. సైటు దగ్గర అనుమతి బోర్డు ఉంటే ఫైలు నంబరు మీ వరసతో సరిపోయిందో లేదో చూడండి. సరిపోకపోతే రివైజ్డ్ ప్లాను ఉందేమో వెతకండి. స్థలం దొరక్కపోతే ఆ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడగండి. నింపిన ఇరవై వరసలూ దగ్గర పెట్టుకోండి, ఐదో పాఠంలో రేట్లు వాటి మీదే కడతాం.